కడప ఎండలో కెగ్: ముందు చల్లదనం కుదరాలి, తర్వాతే సామాను

టెక్సస్‌లో ఉన్నన్నాళ్లూ ఇంట్లోనే బీరు కాచి, పులియబెట్టి, సీసాల్లో నింపుకునేవాడినని, ఉద్యోగం ముగించుకుని కడపకు తిరిగి వచ్చేటప్పుడు ఒక పాత బాల్ లాక్ కెగ్‌నూ (గ్యాసు నింపి పానీయాన్ని కుళాయిలోంచి వడ్డించే స్టీలు డబ్బా), సిలిండర్ గ్యాసు ప్రెషరును తగ్గించి ఇచ్చే ఒక రెగ్యులేటర్‌నూ సామానులో వేసుకుని తెచ్చానని, ఏటా మూడు నెలలు మాత్రం అక్కడ మీ అబ్బాయి దగ్గర ఉంటానని మీరు రాశారు. ఇంకా ఏమేం కొనాలి, ఎంత ప్రెషర్ పెట్టాలి, మీ స్నేహితుడి కెగ్ నుంచి గ్లాసు నిండా నురగే తప్ప బీరు ఎందుకు రాలేదు అన్నవి మీ మూడు ప్రశ్నలు. నేను ఒరెగాన్‌లో తొమ్మిదేళ్లు ఇదే పని చేశాను. అనంతపురం వచ్చి ఏడేళ్లయింది. నా మూడు కెగ్గులూ ఇప్పటికీ వాడుకలోనే ఉన్నాయి, కాకపోతే వాటిలో ఇప్పుడు ఉండేది బీరు కాదు.

ఆ సంగతి మొదటే చెప్పుకోవడం మంచిది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల, వయసు వచ్చినవారు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న ఇంట్లో 200 గ్యాలన్ల దాకా సొంత వాడకానికి బీరు చేసుకోవచ్చు. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, అది అమ్మడానికి కాదు, ఇంట్లో తాగడానికే అన్నంత మాత్రాన ఆ నేరం మాసిపోదు. అందువల్ల కడపలో మీ కెగ్‌ను సోడాకు, నన్నారికి, అల్లం నిమ్మరసానికి వాడుకోండి, బీరును మీ అబ్బాయి ఇంటికి వెళ్లినప్పటికి ఉంచుకోండి. మీరు అడిగారు కనుక బీరు లెక్కలు కూడా చెబుతాను. గ్యాసు పట్టించడం, వడ్డించడం వరకు రెండూ ఒకటే పని.

నిజానికి మీ చేతిలో ఉన్న కెగ్ పుట్టిందే కూల్‌డ్రింకు కోసం. కార్నీ కెగ్ అని మనం పిలుచుకునే ఈ 19 లీటర్ల స్టీలు డబ్బాలను కార్నీలియస్ అనే కంపెనీ శీతల పానీయాల వ్యాపారం కోసం చేసింది. బాల్ లాక్ రకం పెప్సీ వాళ్లది, పిన్ లాక్ రకం కోకాకోలా వాళ్లది. ఆ కంపెనీలు వేరే ఏర్పాట్లకు మారిపోయాక మిగిలిపోయిన పాత డబ్బాలు ఇంట్లో బీరు చేసుకునేవాళ్ల చేతికి చవకగా దొరికాయి. దాని పైన రెండు ముక్కులు ఉంటాయి. ఒకటి గ్యాసు లోపలికి వెళ్లేది, దాని కింద వేలెడంత గొట్టమే ఉంటుంది. రెండోది పానీయం బయటికి వచ్చేది, దాని గొట్టం డబ్బా అడుగుదాకా దిగుతుంది. గ్యాసు పైనుంచి నొక్కుతుంది, పానీయం అడుగునుంచి పైకి లేస్తుంది. యంత్రాంగమంతా ఇంతే. సీసాల పద్ధతిలో మనం లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర వేసి, ఈస్ట్ దాన్ని తిని గ్యాసు పుట్టించేదాకా రెండు మూడు వారాలు కాచుకునేవాళ్లం. కెగ్‌లో ఆ పని సిలిండర్ చేస్తుంది. యాభై అరవై సీసాలు కడిగే బాధ తప్పడం ఒక సుఖం, చక్కెర ఎక్కువై ఎండకు సీసా పేలే భయం లేకపోవడం రెండో సుఖం.

ఇక అసలు విషయం. కొత్తవాళ్లందరూ ఏ కుళాయి మంచిది, ఏ రెగ్యులేటర్ మంచిది అని అడుగుతారు. రాయలసీమలో అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదు, మే నెలలో మీ కెగ్ ఎంత చల్లగా ఉండగలదు అన్నది. కార్బన్ డయాక్సైడ్ నీటిలో ఎంత కరుగుతుందో నిర్ణయించేవి రెండే, ప్రెషరు, చల్లదనం. మామూలు గాలి పీడనం దగ్గర, 4 డిగ్రీల చల్లటి నీరు లీటరుకు దాదాపు లీటరున్నర గ్యాసును పట్టుకుంటుంది. 20 డిగ్రీల నీరు లీటరు కంటే కాస్త తక్కువ పట్టుకుంటుంది. 40 డిగ్రీల నీటిలో అర లీటరుకు మించి పెద్దగా నిలవదు. కరిగే గ్యాసు ప్రెషరును బట్టి పెరుగుతుందని విలియం హెన్రీ 1803లోనే చెప్పాడు. అనంతపురంలో గోలీసోడా కట్టే ఒక పెద్దాయన నాకు అదే మాటను ఇంకో విధంగా చెప్పాడు: "ఎచ్చని నీళ్లకు గ్యాసు పట్టదు సార్, పట్టినా నిలవదు." ఆయన ఐసుగడ్డ వేసిన నీళ్లతోనే సీసాలు నింపుతాడు.

దీన్ని మీ గేజీ మీది అంకెల్లోకి మార్చి చూడండి. సాధారణమైన ఏల్ రకం బీరుకు రెండున్నర వంతుల గ్యాసు కావాలి, అంటే లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాసు కరిగి ఉండాలి. 4 డిగ్రీల దగ్గర అందుకు 12 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 12 పౌండ్ల ప్రెషరు, చాలు. అదే బీరు 30 డిగ్రీల దగ్గర ఉంటే 38 పీఎస్ఐ పెట్టాలి, పెట్టినా ఆ వేడి బీరు కుళాయి తెరిచిన క్షణంలో నురగగా మారిపోతుంది. సోడాకు చురుకు ఎక్కువ ఉండాలి కనుక నాలుగు వంతులు కావాలి, అందుకు 4 డిగ్రీల దగ్గర 28 పీఎస్ఐ పడుతుంది. మన దగ్గర దొరికే గేజీలు చాలావరకు కిలోల్లో ఉంటాయి. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అంటే సుమారు 14 పీఎస్ఐ అనుకుంటే, బీరుకు కిలో కంటే కొంచెం తక్కువ, సోడాకు రెండు కిలోలు అని గుర్తుపెట్టుకోవచ్చు.

కాబట్టి మీరు మొదట డబ్బు పెట్టవలసింది ఫ్రిజ్ మీద. కెగ్ ఎత్తు సుమారు 63 సెంటీమీటర్లు, వ్యాసం 22 సెంటీమీటర్లు. అరలు తీసేసిన పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఒకటి పడుతుంది, కానీ వెనుక కంప్రెసర్ కోసం అడుగున వచ్చే మెట్టు అడ్డం రాకుండా కొనేముందే టేపుతో కొలుచుకోండి. నేను ఐస్‌క్రీం అంగళ్లలో ఉండే పెట్టె లాంటి డీప్ ఫ్రిజ్‌ను పాతది కొన్నాను. దానికి బయట ఒక డిజిటల్ థర్మోస్టాట్ తగిలించి 4 డిగ్రీల దగ్గర ఆగేటట్టు పెట్టుకుంటే గడ్డకట్టదు, మూత పైనుంచి తెరుచుకుంటుంది కనుక చల్లగాలి కిందికి జారిపోదు, రెండు మూడు గంటలు కరెంటు పోయినా లోపలి కెగ్గులు వేడెక్కవు. నిండిన 19 లీటర్ల కెగ్ చల్లబడడానికి ఒక పూట సరిపోదు, రాత్రంతా కావాలి. ఈ ఓపిక లేక గ్యాసు ముందే పట్టించబోవడమే చాలామంది చేసే మొదటి పొరపాటు.

సిలిండర్ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఎండకు ఇక్కడే ప్రమాదం ఉంది. సిలిండర్‌లో కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర లోపలి ప్రెషర్ సుమారు 830 పీఎస్ఐ. 31 డిగ్రీలు దాటితే ఆ ద్రవానికీ వాయువుకూ తేడా చెరిగిపోతుంది, అక్కడినుంచి ప్రతి డిగ్రీకి ప్రెషర్ వేగంగా పెరుగుతుంది. ఒరెగాన్‌లో ఈ 31 అంకెను నేను ఎన్నడూ పట్టించుకోలేదు, అనంతపురంలో అది మార్చి నెల మధ్యాహ్నమే దాటిపోతుంది. ఇక్కడికి వచ్చిన మొదటి ఎండకాలంలో ఒకచోట సిలిండర్ నింపించుకుని, తూకం వేయకుండానే కారు వెనుక పెట్టి, దారిలో భోజనానికి ఆగాను. వాళ్లు మోతాదుకు మించి నింపారు. నేను తిరిగి వచ్చేసరికి వాల్వు పక్కనున్న రక్షణ బిళ్ల చిరిగి గ్యాసంతా కారులోకి పోయింది. కారులో మనిషి ఉండి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా భయమేస్తుంది. అప్పటినుంచి నింపే అంగడిలోనే ముందు ఖాళీ తూకం, తర్వాత నిండు తూకం చూసుకుంటాను. ఖాళీ బరువు సిలిండర్ మెడ మీద గుద్ది ఉంటుంది, ఐదేళ్లకొకసారి చేయించవలసిన ప్రెషర్ పరీక్ష తేదీ కూడా అక్కడే ఉంటుంది. తేదీ దాటిన సిలిండర్‌ను చవకగా వస్తుందని తీసుకోకండి. ఇంకో మాట, గేజీ సూది చూసి లోపల ఎంత గ్యాసు మిగిలిందో చెప్పలేము, ద్రవం ఉన్నంతసేపు సూది అక్కడే నిలిచి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. తూకమే నమ్మదగినది.

గ్యాసు ఆహారానికి పనికొచ్చే రకమై ఉండాలి. వెల్డింగ్ అంగడిలో తీసుకోవడం కంటే సోడా ఫ్యాక్టరీకి ఎవరు సరఫరా చేస్తున్నారో కనుక్కుని వాళ్ల దగ్గరే తీసుకోవడం తేలిక. మీరు తెచ్చిన రెగ్యులేటర్ నట్టు అమెరికా సిలిండర్ల మరకు సరిపోయేది; ఇక్కడి వాల్వు మర వేరు. అది బిగుసుకోకపోతే వాషర్లు కుక్కి, పానాతో బలవంతంగా తిప్పకండి. రెగ్యులేటర్‌ను అంగడికి తీసుకెళ్లి, సిలిండర్‌కు బిగిసే కాండాన్ని ఇక్కడి మరకు సరిపోయేదిగా మార్పించుకోండి, లేదా ఇక్కడి రెగ్యులేటరే కొనుక్కోండి. కొనేటట్టయితే ప్రెషర్ తగ్గించి చూపే రెండో గేజీ నాలుగైదు కిలోల లోపు అంకెలు చూపేదై ఉండాలి. వెల్డింగ్ గేజీల మీద కిలోకూ కిలోన్నరకూ మధ్య గీతే కనబడదు. రెగ్యులేటర్ లేకుండా సిలిండర్‌ను కెగ్‌కు నేరుగా కలపడం ఎవరు చెప్పినా చేయకండి. మీ కెగ్ తట్టుకునేది 130 పీఎస్ఐ మాత్రమే, ఆ అంకె దాని ఒంటిమీదే రాసి ఉంటుంది.

రెండు కిలోల సిలిండర్ ఇంటికి చాలు. లెక్క ఇలా ఉంటుంది: 19 లీటర్ల బీరులో రెండున్నర వంతులు కరగడానికి సుమారు 95 గ్రాములు, దాన్ని ఆఖరి గ్లాసుదాకా పైకి నెట్టడానికి మరో 65 గ్రాములు, మొత్తం 160 గ్రాములు. అంటే కాగితం మీద పన్నెండు కెగ్గులు రావాలి. నాకు ఎనిమిదికి మించి రాలేదు, మిగిలింది కారిపోయిందనే అర్థం.

ఆ కారడం గురించి చెప్పాలంటే, కెగ్‌లో ఐదు రబ్బరు రింగులు ఉంటాయి: మూతకు పెద్దది ఒకటి, ముక్కులకు రెండు, లోపలి గొట్టాలకు రెండు. పాత కెగ్ కొన్నవారు ఐదింటినీ మార్చి తీరాలి, లేకపోతే పదేళ్ల కిందటి కూల్‌డ్రింకు వాసన మీ పానీయంలో తేలుతుంది. కొత్త రింగులకు తినే వస్తువులకు పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. మూత బిగించాక ఒకసారి 30 పీఎస్ఐ ఇస్తే అది కిందనుంచి పైకి నొక్కుకుని కూర్చుంటుంది. అప్పుడు సబ్బు నీళ్లు ప్రతి అతుకు మీద పూసి, బుడగ లేస్తుందేమో నిమిషం పాటు చూడండి. ఈ నిమిషం మిగుల్చుకోబోయి నేను రెండు సిలిండర్లు రాత్రికి రాత్రి ఖాళీ చేసుకున్నాను. అలాగే గొట్టాలను కెగ్ ముక్కులకు తగిలించే పట్టీల్లో గ్యాసుది బూడిద రంగులో, పానీయానిది నలుపు రంగులో ఉంటాయి. ఒకదాని చోట ఒకటి బలవంతంగా పెడితే తీయడానికి మళ్లీ యుద్ధమే.

కడగడంలో మన బోరు నీళ్లు ఒక ఇబ్బంది. వేడినీళ్లలో సోడియం పెర్‌కార్బొనేట్ కలిపి అరగంట నానబెడితే జిడ్డంతా వదులుతుంది, కానీ ఉప్పు నీళ్లతో కడిగితే లోపల తెల్లటి పొర కడుతుంది. ఆ పొరకు నిమ్మ ఉప్పు నీళ్లు మందు. క్రిమినాశకంగా వాడే స్టార్ శాన్ కూడా గట్టి నీళ్లలో కలపగానే పాలలాగా విరిగినట్టవుతుంది, అందుకు క్యాను నీళ్లే వాడండి. బ్లీచింగ్ పౌడరును మాత్రం కెగ్ దగ్గరికి రానివ్వకండి, క్లోరిన్ స్టెయిన్‌లెస్ స్టీలుకు సన్నని గుంటలు పెడుతుంది.

బీరు నింపేటప్పుడు పులియడం పూర్తయిందని హైడ్రోమీటరు (ద్రవం సాంద్రత కొలిచే సాధనం) రెండు మూడు రోజులు వరుసగా ఒకే అంకె చూపాక, గొట్టాన్ని కెగ్ అడుగుకు ఆనించి బీరును చప్పుడు లేకుండా దించండి. గాలి కలిస్తే రెండు వారాల్లో తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. పైన గ్యాసు గొట్టం మునగకుండా నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, మూత పెట్టి, గ్యాసు ఇచ్చి, మూత మీది గ్యాసు వదిలే వాల్వు రింగు లాగి వదలడం నాలుగైదు సార్లు చేస్తే పైనున్న గాలి బయటికి పోతుంది. సోడాకైనా ఈ చివరి పని మానకండి, ఎందుకంటే మిగిలిన గాలి గ్యాసుకు చోటివ్వదు.

గ్యాసు పట్టించడానికి నేను మొదటిసారి చేసేవారికి చెప్పే దారి నిదానమైనదే: కెగ్ చల్లబడ్డాక 12 పీఎస్ఐ పెట్టి, వారం పది రోజులు దాని మొహం చూడకుండా వదిలేయండి. అతిగా పట్టడమన్నది జరగదు, ఎందుకంటే ఆ ప్రెషరుకు ఆ చల్లదనంలో ఎంత పట్టాలో అంతే పడుతుంది. తొందరున్నవాళ్లు 30 పీఎస్ఐ పెట్టి ఒక రోజు ఉంచి, పైనున్న ప్రెషరు వదిలేసి, 12కు దించుతారు. ఇంకా తొందరున్నవాళ్లు కెగ్‌ను పక్కకు పడుకోబెట్టి కాళ్లతో దొర్లిస్తారు. గోలీసోడా యంత్రంలో సీసాల పెట్టెను చక్రంలా తిప్పేది కూడా ఇందుకే, నీరూ గ్యాసూ ఎంత ఒరుసుకుంటే అంత త్వరగా కలుస్తాయి. కానీ దొర్లించినప్పుడు ఎంత పట్టిందో తెలియదు, మీ స్నేహితుడిలాగా నురగ పోయించుకునేవాళ్లలో సగంమంది ఇక్కడే తప్పుతారు. నీళ్ల సోడాకైతే నేనూ దొర్లిస్తాను, అందులో నురగ నిలవదు కనుక.

మిగిలిన సగంమంది తప్పేది గొట్టం పొడవు దగ్గర. మీరు రాసినదాన్ని బట్టి మీ స్నేహితుడి కెగ్‌కూ కుళాయికీ మధ్య మూడడుగుల గొట్టమే ఉంది. 12 పీఎస్ఐతో బయలుదేరిన బీరు ఆ మూడడుగుల్లో ఆ ఒత్తిడిని పోగొట్టుకోలేక, కుళాయి నోటి దగ్గర ఒక్కసారిగా విడుదలై చిమ్ముతుంది, చిమ్మిన చోట కరిగిన గ్యాసంతా బయటపడుతుంది. లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్లు ఉండే గొట్టాన్ని మూడు మీటర్ల పొడవున వేసి, చుట్టగా చుట్టి ఫ్రిజ్ లోపలే ఉంచమనండి. దారి పొడవునా రాపిడికి ప్రెషరు తగ్గుతూ వచ్చి, కుళాయి దగ్గర మెల్లగా జారుతుంది. చాలామంది ఇది వినగానే ప్రెషరును 4 పీఎస్ఐకి దించి చూస్తారు. ఆ పూటకు నురగ తగ్గుతుంది, కానీ వారంలో బీరులోని గ్యాసు కూడా ఆ నాలుగుకు తగినంతగా పడిపోయి చప్పబడుతుంది. కుళాయిని సగం తెరవడం కూడా నురగను పెంచేదే, తెరిస్తే పూర్తిగా తెరవాలి. ఎండకాలంలో కుళాయి లోహం వేడికి మొదటి గ్లాసులో కొంత నురగ తప్పదు, దానికి బెంగపడకండి.

మన నన్నారి విషయంలో ఒక సలహా ఉంది. పాకాన్ని కెగ్‌లో కలపకండి. చక్కెర నీళ్లు ఎంత చల్లగా ఉన్నా నెమ్మదిగా పులియగలవు, కరెంటు ఒక రోజంతా పోతే ఇంకా త్వరగా పులుస్తాయి, పైగా గొట్టమూ కుళాయీ జిగటబారి చీమలు పడతాయి. కెగ్‌లో ఉత్త నీళ్లకే నాలుగు వంతుల గ్యాసు పట్టించి, గ్లాసులో రెండు చెంచాల నన్నారి పాకం, సగం నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు వేసి, గ్లాసును వాల్చి సోడా పట్టండి. చీనీకాయల కాలంలో వాటి రసం కూడా ఇలాగే. జోసెఫ్ ప్రీస్ట్‌లీ మొదట నీటికి గ్యాసు పట్టించింది లీడ్స్‌లో తన ఇంటి పక్కనున్న బీరు కార్ఖానా తొట్ల మీద, ఆ పద్ధతిని 1772లో అచ్చువేశాడు. సోడా బీరు ఇంట్లోనే పుట్టింది కనుక, బీరు డబ్బాలో సోడా పోస్తున్నామన్న చిన్నతనం మనకు అక్కర్లేదు.

ఇక సిలిండర్‌ను ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. మిద్దె మీద రేకుల గదిలో వద్దు, ఎండ తగిలే కిటికీ పక్కన వద్దు. పడకగదిలో అసలే వద్దు. రెండు కిలోల గ్యాసు పూర్తిగా కారితే సుమారు 1,100 లీటర్లు అవుతుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన గదిలో అది నాలుగు శాతానికి దగ్గరగా చేరుతుంది, ఎనిమిది గంటలు పనిచేసేచోట ఉండవచ్చని చెప్పే హద్దు అర శాతమే. ఆ గాలిలో తలనొప్పి, ఆయాసం మొదలవుతాయి. ఈ గ్యాసు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువైనది కనుక నేలమీద పడుకున్నవారికి ముందు తగులుతుంది, ఎండకాలంలో మన ఇళ్లలో పిల్లలు చల్లదనానికి బండల మీదే పడుకుంటారు. నేను వంటింటి వెనుక, రెండు వైపులా గాలి ఆడే వసారాలో, నీడలో, కడప బండ మీద నిలబెట్టి, పడకుండా గోడకు గొలుసుతో కట్టాను. అక్కడినుంచి సన్నని గొట్టం ఒకటి గోడ రంధ్రంలోంచి ఫ్రిజ్‌కు వస్తుంది. రాత్రి పడుకునే ముందు సిలిండర్ వాల్వు కట్టేస్తాను, పొద్దున రెగ్యులేటర్ గేజీ సూది పడిపోయి ఉంటే ఎక్కడో కారుతోందని తెలుస్తుంది.

రెగ్యులేటర్ నట్టు ఇక్కడి వాల్వుకు ఎక్కిందో లేదో చూసి రాయండి. మీ మొదటి కెగ్‌ను ఉత్త క్యాను నీళ్లతోనే నింపండి. రింగుల్లో లోపమున్నా, గొట్టం పొడవు తప్పినా ఆ నీళ్లలోనే బయటపడుతుంది, పారబోసినా పోయేది ఒక క్యాను నీళ్లే.